అమెరికా కాలేజీలో చేరేముందు ప్లేస్‌మెంట్ టెస్ట్: ఎంపీసీ చదివిన పిల్లకి ప్రిపరేషన్ కావాలా?

మీ అమ్మాయి విజయవాడలో ఇంటర్ ఎంపీసీ ముగించి డాలస్‌లో మీ దగ్గరికి వచ్చింది. కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కోర్సులుండే స్థానిక కాలేజీ) వాళ్ళు టీఎస్‌ఐ టెస్ట్ రాయమన్నారు. టెక్సాస్ కాలేజీల్లో లెక్కలు, ఇంగ్లీషు ఎంతవరకు వచ్చో చూసే ప్లేస్‌మెంట్ టెస్ట్ అది. అందులో తప్పితే సీటు పోతుందేమోనని మీకు టెన్షన్. ఎంపీసీ పిల్లకి లెక్కల ప్రిపరేషన్ దేనికని మీవారి వాదన. ఇదే కదా మీ ప్రశ్న?

సీటు పోదండీ, ఆ భయం వదిలేయండి. ప్రిపరేషన్ విషయంలో మాత్రం మీవారి మాట వినకండి. నేనూ అలాగే అనుకుని వెళ్ళి, ఒక సెమిస్టరంతా అదనపు క్లాసులో కూర్చున్నాను.

నాది తెనాలి దగ్గర బీకాం. హెచ్‌4 (భర్త ఉద్యోగం మీద భార్యకిచ్చే వీసా) మీద వచ్చి, బాబు బడిలో పడ్డాక 2022లో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌కి అప్లై చేశాను. అసలు ప్లేస్‌మెంట్ టెస్ట్ అన్న పేరులోనే తిరకాసు ఉంది. ఫోన్‌లో మా అమ్మతో "రేపు ప్లేస్‌మెంట్ టెస్ట్ రాస్తున్నా" అన్నాను. సాయంత్రానికల్లా మా వీధిలో సగం మందికి నాకు అమెరికాలో ఉద్యోగం వచ్చిందని తెలిసిపోయింది. మన దగ్గర ప్లేస్‌మెంట్ అంటే కంపెనీలు క్యాంపస్‌కి రావడమే. ఇక్కడ మాత్రం నిన్ను ఏ క్లాసులో కూర్చోబెట్టాలో చూడటం. కాలేజీలో చేర్చుకోవడం ఎప్పుడో అయిపోతుంది, ఈ టెస్ట్ ఆ తర్వాతి సంగతి.

కాలేజీ కౌంటర్‌లో "దీనికి చదవక్కర్లేదు, నువ్వెక్కడున్నావో చూస్తాం అంతే" అన్నారు. నేను నిజంగానే చదవలేదు. డిగ్రీ పాసైన దాన్ని, ఇంటర్ లోపు లెక్కలు రావా అనుకున్నాను. పైగా నాకు ఎంసెట్ రాసిన అలవాటు ఒకటి ఉంది, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఇక్కడ మొదటి విడత లెక్కల్లో ప్రశ్నలు 20 మాత్రమే. గడియారం చూసుకుంటూ పాతిక నిమిషాల్లో ముగించేశాను. ఆ టెస్ట్‌కి టైమ్ లిమిటే లేదు! పక్క సీటులోని కుర్రాడు నేను లేచి వెళ్ళేసరికి ఇంకా నాలుగో ప్రశ్న మీదే ఉన్నట్టున్నాడు. పాపం అనుకున్నాను. పాపం ఎవరో తర్వాత తెలిసింది.

ఈ టెస్ట్ మన జవాబుని బట్టి ముందుకి నడుస్తుంది. సరిగ్గా చెబితే తర్వాతిది కాస్త కష్టంగా, తప్పితే కాస్త తేలిగ్గా వస్తుంది. రానిది వదిలేసి ముందుకి పోవడం కుదరదు, వెనక్కి వచ్చి దిద్దుకోవడమూ కుదరదు. కాబట్టి మన "వచ్చినవి ముందు, రానివి చివర్లో" పద్ధతి ఇక్కడ చెల్లదు. లెక్కల్లో 950 వస్తే పాస్. రాకపోతే అక్కడికక్కడే 48 ప్రశ్నల ఇంకో విడత మొదలవుతుంది, దాన్ని డయాగ్నోస్టిక్ అంటారు. అందులో 6వ లెవెల్ వచ్చినా పాసైనట్టే. నాకు మొదట 944, రెండో విడతలో 5.

నేను తప్పినవి కష్టమైన లెక్కలు కావు, అదీ నా బాధ. ఆల్జీబ్రా బాగానే చేశాను. గ్రాఫ్ చూసి చెప్పమన్నవీ, బాక్స్ ప్లాట్ (అంకెల పంపకాన్ని పెట్టెలా గీసిన బొమ్మ) చూపించి మీడియన్, అంటే మధ్య విలువ, ఎంత అన్నవీ పోయాయి. గ్యాలన్లు, ఔన్సులు, అడుగులు, అంగుళాలతో ఇచ్చిన లెక్కల్లో ఎన్ని ఔన్సులు ఒక పౌండో గుర్తు రాక తడబడ్డాను. "ఎట్ లీస్ట్", "నో మోర్ దాన్" దగ్గర ఎక్కువ-తక్కువల గుర్తు తిరగేసి పెట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం కదా, లెక్క వచ్చినా వాక్యం నన్ను పట్టేసింది. ఇంకో విషయం చెబితే నవ్వుతారు. కొన్ని ప్రశ్నలకి స్క్రీన్ మీదే కాలిక్యులేటర్ బొమ్మ వస్తుంది, నొక్కితే తెరుచుకుంటుంది. నేను అది ఏదో లోగో అనుకుని, ఇచ్చిన కాగితం మీద మూడంకెల భాగహారాలు చేస్తూ కూర్చున్నాను. మన సొంత కాలిక్యులేటర్ ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు.

ఇంగ్లీషులో చదివి గుర్తించే ప్రశ్నలు గట్టెక్కాను. అక్కడ 945 కావాలి. ముంచింది వ్యాసం. 8కి కనీసం 5 రావాలి, నాకు 4 వచ్చింది. నేను రాసింది అచ్చం ఇంటర్ పేపర్‌లో రాసినట్టే. పెద్ద ఉపోద్ఘాతం, లాభాలు కొన్ని, నష్టాలు కొన్ని, చివర్లో "రెండూ అవసరమే" అని. వాళ్ళడిగింది నీ అభిప్రాయం ఏమిటి, ఎందుకు అని. మొదటి పేరాలోనే ఒక పక్కన నిలబడి, రెండు మూడు కారణాలు, ఒక్కోదానికీ నీ జీవితంలోంచి ఒక ఉదాహరణ చెప్పాలి. 300 నుంచి 600 పదాలు. వ్యాసాన్ని కంప్యూటరే దిద్దుతుంది కాబట్టి మార్కు వెంటనే వచ్చేస్తుంది. మూడు వారాల తర్వాత వ్యాసం ఒక్కటే మళ్ళీ రాశాను, "నా బిడ్డకి రెండో భాష నేర్పాలా" అన్నట్టు నాకు తెలిసిన సంగతి పట్టుకుని. 6 వచ్చింది. తప్పిన భాగం మాత్రమే మళ్ళీ రాసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఫీజు, ఎన్నాళ్ళు ఆగాలన్నది కాలేజీని బట్టి ఉంటుంది, అడగండి.

లెక్కలు మాత్రం మళ్ళీ రాయకుండా, కాలేజ్ ఆల్జీబ్రాతో పాటు సపోర్ట్ క్లాసు ఒకటి తీసుకున్నాను. కోరిక్విజిట్ అంటారు. దానికి డబ్బు కడతాం, డిగ్రీలో మాత్రం లెక్కలోకి రాదు. మొదటి వారం సిగ్గేసింది. తర్వాత తెలిసింది, నాకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ పట్టుకోవడమే రాదని. ఇక్కడి పిల్లలు హైస్కూల్లోనే దాన్ని ఆటబొమ్మలా తిప్పేస్తారు. ఆ క్లాసు లేకపోతే ఆల్జీబ్రాలో ఇబ్బంది పడేదాన్నేమో. అయినా డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అన్నిటికంటే మండేది వేరే ఉంది. ఇండియా డిగ్రీని ఎవాల్యుయేషన్ (ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చడం) చేయించి చూపిస్తే నాకు టెస్ట్ నుంచే మినహాయింపు దొరికేదని రెండో సెమిస్టర్‌లో ఇంకో అడ్వైజర్ చెప్పారు. నన్ను మొదట టెస్ట్‌కి కూర్చోబెట్టిన వాళ్ళు ఆ మాటే ఎత్తలేదు. అందుకే మీరు ముందు అడగాల్సింది "ఎలా చదవాలి" అని కాదు, "మా అమ్మాయికి మినహాయింపు ఏమైనా ఉందా" అని. తను ఎస్‌ఏటీ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాసి ఉండి, లెక్కల్లో 530, ఇంగ్లీషులో 480 వచ్చి ఉంటే ఈ గొడవే లేదు. టోఫెల్ మార్కులు మాత్రం దీనికి పనికిరావు, అది వేరు ఇది వేరు.

మార్కు తక్కువొస్తే పిల్ల తెలివి తక్కువదని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. కొలంబియా యూనివర్సిటీలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం 2012లో, ఇలాంటి పాత ప్లేస్‌మెంట్ టెస్టుల మీద చేసిన అధ్యయనంలో, లెక్కల్లో నలుగురిలో ఒకరిని, ఇంగ్లీషులో ముగ్గురిలో ఒకరిని తప్పు క్లాసులో వేస్తున్నారని తేలింది. అందులో ఎక్కువమంది పై క్లాసులో పాసయ్యే సత్తా ఉండి కింద కూర్చున్నవాళ్ళే. కాలిఫోర్నియాలో 2017లో ఏబీ 705 అని చట్టం తెచ్చి, టెస్ట్ బదులు హైస్కూల్ మార్కులు చూసి వేయమన్నారు. అక్కడి ఫ్రీమాంట్‌లో మా ఆడపడుచు కొడుకు ఏ టెస్టూ రాయలేదు. మనం టెక్సాస్‌లో ఉన్నాం, మినహాయింపు లేకపోతే రాయక తప్పదు.

మీ అమ్మాయికి రెండు వారాలు చాలు. ఈ టెస్ట్ తయారుచేసే కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో టీఎస్‌ఐఏ2 (ఇదే టీఎస్‌ఐ టెస్ట్) నమూనా ప్రశ్నలు ఉచితంగా ఉంటాయి. క్యాలిక్యులస్ జోలికి పోవద్దనండి, అది ఇందులో రాదు. స్టాటిస్టిక్స్, గ్రాఫులు, అమెరికా కొలతలు, రోజుకో వ్యాసం టైప్ చేయడం, అంతే. టెస్ట్‌కి ముందు ఆన్‌లైన్‌లో ఒక చిన్న పరిచయ పాఠం పూర్తి చేయాలి, లేకపోతే కూర్చోనివ్వరు. కడుపు నిండా తిని వెళ్ళమనండి, మూడు నాలుగు గంటలు పట్టినా తొందరపడొద్దనండి. మార్కులు రాగానే ఆ కాగితంతో అదే రోజు అడ్వైజర్ దగ్గరికి వెళ్ళమనండి. ఆగస్టు వచ్చేసరికి సాయంత్రం సెక్షన్లు నిండిపోతాయి, ఆ తర్వాత మిగిలేవి ఉదయం ఎనిమిదింటి క్లాసులే.