క్యాలిక్యులేటర్ సందేహాలు

ప్రశ్న: 2 + 3 × 4 కొడితే ఫోన్ 14 అంటోంది, బల్ల మీది క్యాలిక్యులేటర్ 20 అంటోంది. పాడైందా?

జవాబు: పాడవలేదు. మామూలు క్యాలిక్యులేటర్‌కు ముందున్న లెక్క మాత్రమే తెలుసు. × నొక్కగానే అప్పటిదాకా ఉన్న 2 + 3 తేల్చేసి 5 చేసుకుంటుంది, ఆ 5ను 4తో గుణిస్తుంది. ఫోన్ వరుసంతా చూసి గుణకారం ముందు చేస్తుంది.

ఇలాంటి చోట మెమరీ వాడండి. ఎం ప్లస్ (M+) లెక్కను మెమరీలో కలుపుతుంది, ఎం మైనస్ (M-) అందులోంచి తీసేస్తుంది, ఎంఆర్‌సీ (MRC) మొత్తం చూపిస్తుంది. 12 × 45 ఎం ప్లస్, 7 × 130 ఎం ప్లస్, 3 × 60 ఎం మైనస్, చివర ఎంఆర్‌సీ. 540, 910 కలిసి, 180 పోయి 1270 వస్తుంది. మధ్యలో ఈక్వల్ నొక్కక్కర్లేదు, కాగితం మీద ఏమీ రాసుకోనక్కర్లేదు. మొదలుపెట్టే ముందు తెర మూల ‘ఎం’ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే పాత మొత్తం లోపలే ఉంది. ఎంఆర్‌సీ రెండుసార్లు నొక్కితే పోతుంది. ‘మెషిన్ తప్పు చెబుతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ చిన్న గుర్తే.

ప్రశ్న: 480 + 25 % నొక్కితే ఒకదాంట్లో 600, ఇంకోదాంట్లో 640. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే, అడిగిన ప్రశ్నలే వేరు. 600 అంటే 480 మీద 25 శాతం కలిపినది. క్యాసియో మోడళ్లు చాలావరకు 640 చూపిస్తాయి. అమ్మకం ధరలో 25 శాతం లాభం ఉండాలంటే ఎంతకు అమ్మాలి అన్నది వాటి లెక్క, అంటే 480 ÷ 0.75. వ్యాపారుల కోసం పెట్టిన పద్ధతి ఇది, చెప్పకుండా పెట్టడమే ఇబ్బంది. % బటన్ జోలికే పోకుండా 480 × 1.25 కొట్టండి, ఏ కంపెనీదైనా 600 అనే అంటుంది.

తీసేసేటప్పుడూ జాగ్రత్త. 20 శాతం పన్నుతో కలిపి 1200 అయితే అసలు ధర 1200 ÷ 1.2, అంటే 1000. 1200లో 20 శాతం తగ్గిస్తే 960 వస్తుంది, అది తప్పు.

ప్రశ్న: 1250 కొట్టి ప్లస్ నొక్కితే 12.50 అవుతోంది!

జవాబు: పైన జరిపే స్విచ్ ‘ఏ’ మీద ఉంది. చుక్క కొట్టకుండానే చివరి రెండంకెలను దశాంశాలుగా తీసుకునే పద్ధతి అది, కూడిక తీసివేతలకే వర్తిస్తుంది. రశీదులు వరుసగా కూడేవాళ్లకు వరం. వద్దనుకుంటే ‘ఎఫ్’ వైపు జరపండి.

ప్రశ్న: అంకెలు మసకబారాయి, కొన్ని గీతలు కనబడటం లేదు.

జవాబు: ముందు సోలార్ పలకను వేలితో మూయండి. అంకెలు మాయమైతే లోపలి బ్యాటరీ అయిపోయినట్టే. మూత విప్పి, పాత దాని మీద ఉన్న నంబరే (ఎల్‌ఆర్44 లేదా ఎల్‌ఆర్1130 కావచ్చు) తెచ్చి వేయండి. బ్యాటరీ కారి తెల్లటి పొడి పట్టి ఉంటే, దూది పుల్లకు కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

గీతలు మాత్రమే పోయి, తెర అంచు నొక్కితే తిరిగి వస్తుంటే, తెరకూ సర్క్యూట్‌కూ మధ్య ఉన్న సన్నటి రబ్బరు పట్టీ సరిగా తగలడం లేదు. పట్టీని, అది ఆనే చోటును ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. పట్టీకి బదులు అతికించిన పల్చటి రిబ్బన్ ఉంటే లాగకండి, ఊడితే మళ్లీ అంటుకోదు. నల్ల మరక పాకుతుంటే తెర అద్దం పగిలింది, దానికి మందు లేదు. గట్టిగా నొక్కితేనే పలికే బటన్ల కింద నల్లటి కార్బన్ బిళ్లను కూడా ఆల్కహాల్‌తోనే తుడవండి.

1970ల నాటి ఎర్ర అంకెల మోడళ్ల సంగతి వేరు. హెచ్‌పీ-25 లాంటివాటిని బ్యాటరీ లేకుండా ఉత్త చార్జర్ మీద నడిపితే లోపలి చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఫోన్ ఉండగా ఇది ఎందుకండీ?

జవాబు: పొడవాటి చిట్టా కూడి చూడండి. 5 మీది చిన్న బొడిపె వేలికి తగులుతుంది, కళ్లు కాగితం మీదే ఉంటాయి. ఫోన్ అద్దం మీద ప్రతి అంకెకూ చూపు అటూ ఇటూ తిరగాలి. 1987లో జర్మన్ డిజైనర్లు డీటర్ రామ్స్, డీట్రిచ్ లుబ్స్ రూపొందించిన బ్రౌన్ కంపెనీ క్యాలిక్యులేటర్ ఈటీ66కు గుండ్రటి ఉబ్బెత్తు బటన్లు పెట్టింది వేలికి తెలియడానికే. తొలి ఐఫోన్ క్యాలిక్యులేటర్ ఆ రూపాన్ని తెర మీదికి తెచ్చుకుంది కానీ, ఉబ్బును తేలేకపోయింది.