ఫిలిప్పీన్స్‌ను అమెరికా ఉంచుకోవడంపై అప్పట్లో ఎవరు ఏమని వాదించారు?

స్పెయిన్‌పై యుద్ధం గెలిచాక, 1898 డిసెంబరులో పారిస్ ఒప్పందం కింద అమెరికా 2 కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. గొడవంతా అక్కడే మొదలైంది.

ఉంచుకోవాలన్న వాళ్లలో సెనేటర్ ఆల్బర్ట్ బెవరిడ్జ్ ముందుండేవాడు. అమెరికా ఫ్యాక్టరీల సరుకుకు చైనా మార్కెట్ కావాలి, దానికి ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా దారి అవుతుందన్నది ఆయన లెక్క. యుద్ధనౌకలు బొగ్గు నింపుకోవడానికి రేవులు కావాలని ఇంకొందరు, మనం వదిలితే జర్మనీ లాక్కుంటుందని మరికొందరు అన్నారు. వీటన్నిటికీ పైన 'నాగరికత నేర్పుతాం' అనే మాట ఒకటి.

వద్దన్నవాళ్లు 1898లోనే బోస్టన్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక లీగ్ పెట్టారు. తర్వాత రచయిత మార్క్ ట్వేన్ కూడా అందులో చేరాడు. పాలితుల సమ్మతి లేని పాలన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకే విరుద్ధమని వాళ్లన్నారు. నా దృష్టిలో దీనికి సరైన జవాబు ఎవరూ ఇవ్వలేకపోయారు. అయితే వ్యతిరేకించినవాళ్లంతా ఫిలిపినోల మీద ప్రేమతో మాట్లాడలేదు. ఆసియా జనం తమలో కలుస్తారన్న జాతి ద్వేషంతో వద్దన్న సెనేటర్ బెన్ టిల్‌మన్ లాంటివాళ్లూ ఉన్నారు.

ఫిలిపినోలను మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ల నాయకుడు అగ్వినాల్డో 1898 జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించాడు. 1899 ఫిబ్రవరిలో సెనేట్ 57-27 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించేసరికే మనీలా దగ్గర అమెరికా సైన్యానికీ ఫిలిపినోలకూ మధ్య కాల్పులు మొదలయ్యాయి. ఆ యుద్ధంలోనే 1901లో ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవిలో, ఆయుధం పట్టగలిగిన పదేళ్లు పైబడినవాళ్లను చంపమని అమెరికా జనరల్ జేకబ్ స్మిత్ ఆదేశించాడు. కోర్టు మార్షల్ ఆయనకు వేసిన శిక్ష ఒక్క మందలింపు. తర్వాత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయన్ను పదవీ విరమణ చేయించాడు.