పాఠకుల ప్రశ్నలు: ఆగిన చదువు, ఓపెన్ డిగ్రీ

ఈసారి ఉత్తరాలన్నీ గోదావరి డెల్టా నుంచి వచ్చినవే, అన్నీ దూరవిద్య గురించే. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

నాకు 41 ఏళ్లు. పదో తరగతి పాసయ్యాక పెళ్లితో చదువు ఆగిపోయింది. ఇంటర్ లేకపోయినా ఒక పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరొచ్చని మా వదిన అంటోంది. నిజమేనండీ?
– లేసు అల్లికల పని చేసుకునే గృహిణి, నరసాపురం

మీ వదినగారు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. 1982 ఆగస్టు 26న హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అలాంటి అవకాశం ఇచ్చింది. 18 ఏళ్లు నిండి ఉంటే చాలు, చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేవారు. చదువు మధ్యలో మానేసినవాళ్లకు అది నిజంగా పెద్ద దారి.

ఇప్పుడు దూరవిద్యకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నియమాలు బిగిశాయి. డిగ్రీ ప్రవేశానికి ఇంటర్ గానీ, దానికి సమానమైన చదువు గానీ అడుగుతున్నారు. పాత అర్హత పరీక్షను నమ్ముకుని ఏడాది పోగొట్టుకోకండి. ముందు ఇంటర్ పూర్తి చేయండి. అందుకు కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మనం ఓపెన్ స్కూల్ అనేదే, ఇంటర్ నడుపుతోంది. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే చాలు, వయసు ఎక్కువని ఎవరూ వెనక్కి పంపరు. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి. అన్నీ ఒకేసారి పాసవ్వాలని లేదు. పాసైన సబ్జెక్టు మీ ఖాతాలో ఉండిపోతుంది, మిగిలినవి గడువు లోపల మళ్లీ రాసుకోవచ్చు. మొదటిసారి రెండో మూడో తేల్చుకున్నా నష్టం లేదు.

ఇక ఆడవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది. దూరవిద్యలో చేరేవాళ్లు 2024 నుంచి యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు, తీసుకోవాలి. దానికి ముందు డిజిలాకర్ ద్వారా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా) ఐడీ ఉండాలి. అది ఆధార్‌లో ఉన్న పేరుతోనే వస్తుంది. రెండు పేర్లు కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, లేదా మూడేళ్ల తర్వాత డిగ్రీ పట్టా మీద తేడా బయటపడుతుంది. కాబట్టి ఇంటర్‌లో పేరు రాయించుకునేటప్పుడే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు పొల్లుపోకుండా రాయించండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అందుకని స్పెల్లింగ్‌ను ఒక్కో అక్షరం సరిచూసుకున్నాకే రసీదు తీసుకోండి.

కరస్పాండెన్స్ కోర్సు, దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ... మూడూ ఒకటేనా? మన తెలుగునాట ముందొచ్చింది ఏది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

మాస్టారూ, దూరవిద్య అనేది పెద్ద మాట, మిగతా రెండూ అందులోవే. వాటిలో ముందొచ్చింది కరస్పాండెన్స్. దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో మొదలుపెట్టింది. మన వైపు 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సుల విభాగం తెరిచింది. గోదావరి జిల్లాల్లో ఉద్యోగం చేసుకుంటూ బీఏ, ఎంఏ కట్టినవాళ్లకు ఆ పోస్టు కవర్లు బాగా గుర్తుంటాయి. అయితే అది కాలేజీ చదువునే పోస్టులో పంపడం. ప్రవేశ అర్హత, సిలబస్, పరీక్ష అన్నీ రెగ్యులర్ వాళ్లవే. తరగతి గది ఒక్కటే ఉండదు.

ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన బ్రిటన్ నుంచి వచ్చింది. తర్వాత ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ 1963లో ప్రసార మాధ్యమాల మీద నడిచే విశ్వవిద్యాలయం గురించి మాట్లాడారు. ఆయన ప్రభుత్వంలో మంత్రి జెన్నీ లీ పట్టుబట్టి దాన్ని నిలబెట్టారు. 1969లో చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో మొదటి విద్యార్థులు చేరారు. డిగ్రీకి ముందు ఏం చదివావని అడగకపోవడం అక్కడి కొత్తదనం. మన కేంద్ర ప్రభుత్వం 1974లో జి. పార్థసారథి ఆధ్వర్యంలో ఒక కార్యబృందాన్ని వేసింది గానీ ఢిల్లీలో పని ముందుకు కదల్లేదు.

ముందడుగు హైదరాబాద్‌లోనే పడింది. 1982లో ముఖ్యమంత్రిగా ఉన్న భవనం వెంకట్రామ్ ప్రొఫెసర్ జి. రామరెడ్డి అధ్యక్షతన కమిటీ వేశారు. నివేదిక రావడం, చట్టం కావడం, విశ్వవిద్యాలయం పుట్టడం అంతా ఆ ఏడాదిలోనే జరిగిపోయింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. రామరెడ్డిగారే తొలి వైస్ ఛాన్సలర్. 1985లో పార్లమెంటు చట్టంతో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టడానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు. ఆ తర్వాత యూజీసీ ఛైర్మన్ కూడా అయ్యారు. మన విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు 1991లో పెట్టారు. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన చరిత్ర ఇది, పాఠ్యపుస్తకాల్లో మాత్రం పెద్దగా కనపడదు.

కరస్పాండెన్స్‌కూ దీనికీ అసలు తేడా తెలియాలంటే ఈ ఓపెన్ యూనివర్సిటీ పాఠ్యపుస్తకం ఒకటి తెరిచి చూడండి. పాఠం ముందు 'ఇది చదివాక మీరేం చెప్పగలగాలి' అని ఉంటుంది. నాలుగైదు పేజీలకు ఒకసారి ఆగి, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలుంటాయి. వాటి జవాబులు చివర్లో. మాస్టారు ఎదురుగా ఉండరు కాబట్టి ఆయన తరగతిలో చేసే పనంతా పుస్తకమే చేయాలి. ఒకరు రాసింది మరొకరు సరిచూసి అలా తయారుచేశారు. తెలుగులో అంత శ్రద్ధగా వచ్చిన డిగ్రీ పుస్తకాలు తక్కువ. గ్రూప్స్‌కు చదివేవాళ్లు, వాళ్లు చదివింది రెగ్యులర్ డిగ్రీ అయినా సరే, ఇప్పటికీ తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వీటినే పెట్టుకుంటారు.

ఇగ్నోలో బీఏ చేరాను. ఒక పేపర్లో అసైన్‌మెంట్‌కు 80 మార్కులొచ్చాయి, పరీక్షలో 30. రెండూ కలిపితే పాస్ మార్కు దాటింది కదా, అయినా ఫెయిల్ అని చూపిస్తోంది. పైగా రాత్రిళ్లు చెరువు దగ్గర కాపలా, చదవడానికి టైము చాలట్లేదు.
– రొయ్యల చెరువు సూపర్‌వైజరు, భీమవరం దగ్గర

లెక్క వేసి చూద్దాం. అసైన్‌మెంట్‌కు 30 శాతం, పరీక్షకు 70 శాతం విలువ. మీ 80లో 30 శాతం 24. మీ 30లో 70 శాతం 21. మొత్తం 45. పాసవ్వాల్సింది 35. ఇంతవరకు మీ లెక్క సరైనదే. కానీ డిగ్రీలో అసైన్‌మెంటులో 35, పరీక్షలో 35 విడివిడిగా తెచ్చుకోవాలి. పరీక్షలో 30 దగ్గర ఆగిపోయారు, అందుకే ఫెయిల్. 80 మార్కుల అసైన్‌మెంట్ ఎక్కడికీ పోదు. ఆ పేపరు పరీక్ష ఒక్కటే మళ్లీ రాయండి. దానికి పరీక్ష ఫారం, ఫీజు విడిగా కట్టాలి. కోర్సు ఫీజు కట్టాం కదా, హాల్ టికెట్ అదే వస్తుందని కూర్చుని ఆ విడత పోగొట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

అసైన్‌మెంట్‌లో ఎక్కువ, పరీక్షలో తక్కువ వచ్చిందంటే కారణం సాధారణంగా ఒకటే: జవాబులు బజార్లో దొరికే గైడు చూసి ఎక్కించడం. ఎక్కించినది చేతికి వస్తుంది గానీ బుర్రకు రాదు. పైగా ఇద్దరి కాగితాలు ఒకేలా ఉంటే తిరస్కరిస్తారు. యూనిట్ చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో రాయండి. ఆ జవాబే పరీక్షకు నోట్సు అవుతుంది. ఎ4 కాగితం మీద సొంత చేతిరాత. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడు, స్టడీ సెంటర్ కోడు. ప్రశ్నపత్రం ఏ విడతదో తప్పకుండా చూడండి, పోయినేడాది ప్రశ్నలకు రాస్తే మార్కులు పడవు. ఇచ్చేముందు జిరాక్స్ తీసుకోండి, రసీదు దాచుకోండి. మార్కులు వెబ్‌సైట్‌లో ఎక్కకపోతే మీకు ఆధారం ఆ రెండే.

ఇక టైము. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. 16 వారాల్లో ముగించాలంటే వారానికి ఏడున్నర గంటలు, అంటే రోజుకు గంట పైచిలుకు, అదీ ఒక్క పేపరుకే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ మీ కళ్లు చెరువు మీద, ఏరియేటర్ల మీదే ఉండాలి, ఆ వేళను చదువుకు లెక్కపెట్టకండి. డ్యూటీ ఎక్కిన మొదటి గంటో, పగలు నిద్ర లేచాక గంటో పెట్టుకోండి. కాలువలో నీళ్లు వదిలినా బోదె బాగుచేసుకోకపోతే చేలోకి రావు కదా, ఆ గంట అలాంటిది.

ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో ఉంటాయి. మీకు చేను కూడా ఉంటే సార్వా కోతలు, కుప్పనూర్పులు సరిగ్గా డిసెంబరు పరీక్షల ముందు పడతాయి. అన్ని పేపర్లూ ఒకేసారి నెత్తికెత్తుకోకుండా కొన్ని జూన్‌కు వదలండి, అప్పటికి దాళ్వా పని అయిపోతుంది. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల వరకు గడువుంది. ఒకటి మాత్రం మరవకండి. మొదటి ఏడాది పేపర్లు మిగిలిపోయినా రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ గడువు లోపల చేసుకోవచ్చు. ఫెయిలయ్యాం కదా అని చేసుకోకపోతే ఏడాది ఊరికే పోతుంది.

మా అబ్బాయికి ఏడాదిలో డిగ్రీ పూర్తి చేయిస్తామని, వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెప్పి ఒక సంస్థ డబ్బు అడుగుతోంది. కట్టొచ్చా?
– కిరాణా వ్యాపారి, తణుకు

కట్టొద్దు. మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో ఇచ్చే దారి లేదు. దూరవిద్యలో రాష్ట్ర విశ్వవిద్యాలయం తన పరిధి దాటి స్టడీ సెంటర్ పెట్టకూడదు, ఫ్రాంచైజీ ఇవ్వకూడదు. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం దూరవిద్యలో అసలు లేవు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, ఆ ఏడాది, మూడూ కనపడితేనే ముందుకు వెళ్లండి. విశ్వవిద్యాలయం పేరు ఉండి కోర్సు లేకపోయినా ఆ డిగ్రీ చెల్లదు.

ఓపెన్ డిగ్రీతో గ్రూప్-2 రాయొచ్చా? అంబేడ్కర్ యూనివర్సిటీలో ఇక్కడి నుంచి చేరొచ్చా?
– మండపేట, రాజోలు, పాలకొల్లు నుంచి పలువురు

రాయొచ్చు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది.

రెండో ప్రశ్నకు జవాబు ఆ ఏడాది ప్రవేశ ప్రకటన మీద ఆధారపడి ఉంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో, అంటే తెలంగాణలో ఉండిపోయింది. ఫీజు కట్టకముందే ప్రకటనతో పాటు ఇచ్చే స్టడీ సెంటర్ల పట్టిక తెరిచి మీ జిల్లా పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇగ్నో, ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య మీకు దగ్గరి దారులు. ఇగ్నో పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. తెలుగులో చదివి తెలుగులో రాయాలనుకునేవాళ్లు చేరకముందే ఏ భాషలో పుస్తకాలిస్తారు, ఏ భాషలో పరీక్ష రాయనిస్తారు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.