పండ్ల బాదం టార్ట్: అడుగు నానిపోతోంది, లోపల పచ్చిగా ఉంటోంది, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. షెల్‌ని, అంటే టార్ట్‌కి అడుగు, అంచులుగా ఉండే మైదా పిండి గిన్నెని, ముందుగా విడిగా బేక్ చేయకుండా గాజు పాత్రలో పరిచారు. అందులో బాదం మిశ్రమం వేసి, బాగా పండిన ప్లమ్ ముక్కల్ని దగ్గర దగ్గరగా పేర్చారు. పైన మంచి రంగు వచ్చిందని అరగంటలోపే బయటికి తీశారు. కోస్తే పండు చుట్టూ జిగురుగా పచ్చిగా ఉంది, అడుగు నానిపోయింది, అంచులు కిందికి జారిపోయాయి. తప్పు రెసిపీదా, ఓవెన్‌దా అని అడిగారు. నాకైతే రెండిటిదీ కాదనిపిస్తోంది.

ఏ పండు దొరికితే ఆ పండుతో ఇంట్లో ఈ టార్ట్ చేస్తూనే ఉంటాను కాబట్టి చెప్తున్నాను. అంచుల సంగతి పక్కన పెడితే, మీ ఇబ్బంది అంతా నీళ్ల దగ్గరే ఉంది. ప్లమ్ బరువులో దాదాపు 87 శాతం నీరే. పియర్‌లో 84 శాతం దాకా ఉంటుంది. ఓవెన్ వేడికి పండు మెత్తబడి ఆ నీరు వదులుతుంది, అది కిందనున్న బాదం మిశ్రమంలోకి దిగుతుంది. మైదాకి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ బాదం పొడిలో ఉండదు, ఈ ఫిల్లింగ్ నిలబడేది ముఖ్యంగా గుడ్డు మీదే. నీళ్లు కలిసి గుడ్డు పలచబడితే గట్టిపడటానికి ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. అక్కడ కూడా ఆగని నీరు షెల్‌లోకి ఇంకుతుంది. అది ముందే కాలి లేకపోతే ఇక ముద్దే.

రంగు కూడా మోసం చేస్తుంది. చక్కెర, వెన్న, గుడ్డు, బాదం అన్నీ ఉన్న మిశ్రమం కాబట్టి పైపొర తొందరగా ఎర్రబడుతుంది. పాతిక నిమిషాలకే ఫోటో తీసుకునేంత అందంగా ఉంటుంది, లోపల మాత్రం సగమే ఉడికి ఉంటుంది. ఇంట్లో చేసే బాదం టార్ట్‌లు పాడయ్యేది ఎక్కువగా తొందరగా తీసేయడం వల్లే అని నా అభిప్రాయం. మాడ్చేసినవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

23 సెంటీమీటర్ల టిన్‌కి నేను వాడే కొలతలు ఇవి. షెల్‌కి 200 గ్రాముల మైదా, 100 గ్రాముల చల్లటి ఉప్పులేని వెన్న, 60 గ్రాముల పొడి చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు పచ్చసొన, ఒకటి రెండు టేబుల్ స్పూన్ల ఐస్ నీళ్లు. మైదాలో వెన్న ముక్కల్ని వేలికొసలతో నలిపి బ్రెడ్ పొడిలా చేయండి. మైదాకి ముందే కొవ్వు పట్టి ఉంటే తర్వాత నీళ్లు తగిలినా గ్లూటెన్ ఎక్కువ సాగదు, షెల్ గుల్లగా వస్తుంది. తర్వాత పచ్చసొన, నీళ్లు పోసి ముద్ద దగ్గరికి రాగానే ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దన చేశారంటే గట్టిగా తయారై ముడుచుకుపోతుంది.

అంచులు జారింది అందుకే అయ్యుంటుంది. పిండిని లాగి పరిచినా, విశ్రాంతి ఇవ్వకపోయినా గ్లూటెన్ వేడికి మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది. కలిపాక గంట, టిన్‌లో పరిచాక ఇంకో అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పరిచేటప్పుడు మూలల్లోకి లాగొద్దు, పిండినే పైకెత్తి దాని బరువుతో అది మూలలోకి దిగేలా వదలండి. అంచు టిన్ కన్నా కొద్దిగా ఎత్తుగా ఉంచితే కాస్త ముడుచుకున్నా సరిపోతుంది.

ఇక ముందుగా బేక్ చేయడం. ఈ పని మాత్రం దాటేయకండి. చల్లబడ్డ షెల్‌కి ఫోర్క్‌తో గాట్లు పెట్టి, పైన బేకింగ్ పేపర్ వేసి, దాని నిండా బియ్యమో ఎండు బీన్స్ గింజలో అంచుల దాకా పోయండి. నడుమ నాలుగు గింజలు చల్లితే ఉపయోగం లేదు, గోడలకి ఆసరా కావాలి. 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు అలా ఉంచి, పేపర్, గింజలు తీసేసి, అడుగు ఎండి లేత గోధుమ రంగు వచ్చేదాకా ఇంకో ఎనిమిది పది నిమిషాలు పెట్టండి. వేడిగా ఉండగానే గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన పలచగా రాసి ఒక నిమిషం ఓవెన్‌లో పెడితే గాట్లు మూసుకుపోయి తడికి ఒక అడ్డుపొర ఏర్పడుతుంది. ఆ గింజలు మళ్లీ వంటకి పనికిరావు గానీ డబ్బాలో దాచుకుంటే ఇదే పనికి చాలాకాలం వస్తాయి.

ఇక మీరు వాడిన గాజు పాత్ర సంగతి. గాజు, పింగాణీ నెమ్మదిగా వేడెక్కుతాయి, అందుకే అడుగు కాలేలోపు పైన రంగు వచ్చేస్తుంది. అడుగు ఊడి వచ్చే పలచని లోహపు టిన్ అయితే మంచిది. ఓవెన్ వేడెక్కేటప్పుడే లోపల ఒక బరువైన ట్రే పెట్టి ఉంచి, టిన్‌ని దాని మీద పెడితే కింద నుంచి గట్టిగా వేడి తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రని మాత్రం వేడి ట్రే మీద పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది.

ఫిల్లింగ్‌ని ఫ్రాంజిపేన్ అంటారు. గుర్తుపెట్టుకోవడం తేలిక: వెన్న, చక్కెర, బాదం పొడి, గుడ్డు దాదాపు సమానం. నేను మొదటి మూడూ 120 గ్రాములు తీసుకుని, రెండు గుడ్లు, 25 గ్రాముల మైదా వేస్తాను. ఆ కొంచెం మైదా పండు వదిలే తడిని పట్టుకోవడానికి. వెన్న, గుడ్లు గది వేడిలో ఉండాలి. గుడ్డు చల్లగా ఉంటే మిశ్రమం విరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు టెన్షన్ పడక్కర్లేదు, ఒక చెంచా బాదం పొడి వేసి కలిపితే దగ్గరికొస్తుంది. వెన్న, చక్కెర కలిసేదాకా గిలక్కొడితే చాలు. కేక్‌కి చేసినట్టు తెల్లగా నురగ వచ్చేదాకా కొడితే గాలి ఎక్కి ఓవెన్‌లో పొంగుతుంది, పండు ముక్కల్ని మింగేసి, బయటికి తీశాక కుంగిపోతుంది. షెల్‌లో మూడింట రెండొంతులకి మించి నింపకండి. మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, బ్రెడ్ ముక్కకి రాసి బేక్ చేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో దానికే గిరాకీ ఎక్కువ.

బాదం పొడి ఇంట్లోనే చేసుకోవచ్చు. పప్పుల్ని ఒక నిమిషం మరిగే నీళ్లలో ఉంచి, చన్నీళ్లలో వేస్తే తొక్క సులువుగా జారిపోతుంది. ఆ తర్వాత మాత్రం పూర్తిగా ఆరాలి. తడి పప్పు రుబ్బితే మీరే చేతులారా ఫిల్లింగ్‌లోకి నీళ్లు పోసినట్టు. 100 డిగ్రీల ఓవెన్‌లో రంగు మారకుండా ఆరబెట్టి, చల్లారాక, కొలిచిన చక్కెరలో కొంత కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. బాదంలో సగం దాకా నూనే ఉంటుంది కాబట్టి ఆపకుండా తిప్పితే పేస్ట్ అయిపోతుంది. తొక్కతో చేసినా రుచి బాగుంటుంది, రంగు కొంచెం ముదురుగా వస్తుందంతే. ముందు ఒక పప్పు నమిలి చూడండి, పాడైన నూనె వాసన వస్తే పక్కన పడేయడమే.

బాదం ఎసెన్స్ వేస్తే పావు టీస్పూన్ దాటొద్దు. దాని ఘాటుకి పండు రుచి తెలియకుండా పోతుంది. ప్లమ్, పీచ్, ఆప్రికాట్, చెర్రీ, బాదం అన్నీ ప్రూనస్ అనే ఒకే ప్రజాతి చెట్లు. వీటి టెంకల్లోని పప్పులకీ అదే వాసన ఉంటుంది. అందుకే కాబోలు ఈ పండ్లు బాదంతో అంత బాగా కలిసిపోతాయి. అలాగని ఆ టెంకలు పగలగొట్టి పప్పుని పొడి కొట్టకండి. చేదు బాదంలో, ఆ పప్పుల్లో ఉండే అమిగ్డాలిన్ నుంచి సైనైడ్ విడుదలవుతుంది.

పండ్ల దగ్గరికొస్తే, చేతికి కాస్త గట్టిగా తగిలే ప్లమ్స్ తీసుకోండి. బాగా మెత్తబడ్డవి తినేయండి, టార్ట్‌కి వద్దు. ముక్కల మీద ఒక చెంచా చక్కెర చల్లి పదిహేను నిమిషాలు జల్లెడలో ఉంచితే కొంత రసం ముందే దిగిపోతుంది. ఆ రసం పారబోయకండి, పైపూతకి పనికొస్తుంది. తర్వాత శుభ్రమైన బట్టతో అద్ది, కోసిన వైపు పైకి ఉండేలా పేర్చండి. అప్పుడు రసం కిందికి కారకుండా పైనుంచి ఆవిరవుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక సెంటీమీటర్ ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోంచే ఫిల్లింగ్ పొంగి ఉడుకుతుంది. ఎక్కువ పండు వేస్తే ఎక్కువ రుచి అనుకుంటాం గానీ ఇక్కడ అది కుదరదు.

పియర్ అయితే డబ్బాలో వచ్చేవి వాడటానికి మొహమాటపడక్కర్లేదు. పియర్, బాదం కలిసిన ఈ టార్ట్‌కి ప్యారిస్‌లోని ఒక వీధి పేరు మీద బుర్దలూ టార్ట్ అని పేరుంది, దాన్ని డబ్బా పియర్స్‌తో చేసేవాళ్లు చాలామందే. వాటిని అరగంట వడకట్టి, బట్టతో గట్టిగా అద్దాలి. గట్టి పచ్చి పియర్స్ అయితే ముందు చక్కెర నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి ఆరబెట్టాలి. ఆపిల్‌తో ఇంత గొడవ లేదు, పలచగా కోసి పేర్చడమే. ఫ్రీజర్‌లోని బెర్రీలు, చెర్రీలు కరగనివ్వకుండా గడ్డగా ఉన్నప్పుడే కొంచెం మైదాలో దొర్లించి వేయండి, బేకింగ్‌కి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి. స్ట్రాబెర్రీ మాత్రం ఓవెన్‌లో పెట్టొద్దు, రంగు పోయి నీరుకారిపోతుంది. ఉత్త బాదం టార్ట్ చేసి, చల్లారాక పైన పచ్చివే పేర్చుకోండి.

ఫిల్లింగ్, పండ్లు పెట్టాక 170 డిగ్రీల దగ్గర నలభై నుంచి యాభై నిమిషాలు. ఫ్యాన్ ఓవెన్ అయితే ఇరవై డిగ్రీలు తగ్గించండి. పైన రంగు ముందే వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్‌ని వదులుగా కప్పండి గానీ బయటికి తీయకండి. అయిందో లేదో చూడటానికి పుల్లని అంచు దగ్గర కాదు, నడిమధ్యన రెండు పండు ముక్కల మధ్య గుచ్చాలి. తడి పిండి అంటకుండా రావాలి. మధ్యలో వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి. టిన్‌ని కదిపితే నడుమ వణికిందంటే ఇంకా టైముంది.

తీశాక అరగంట టిన్‌లోనే వదిలి, తర్వాత జాలీ మీదకి మార్చండి. టిన్‌లోనే పూర్తిగా చల్లారనిస్తే కింద చేరే ఆవిరికే అడుగు మెత్తబడుతుంది. పైపూతకి ఆప్రికాట్ జామ్ రెండు చెంచాలు, ఇందాక దాచిన పండ్ల రసం కలిపి మరిగించి, వడకట్టి బ్రష్‌తో రాయండి. మర్నాటికి మిగిలితే 150 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే మళ్లీ బాగుంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే షెల్ మెత్తబడిపోతుంది. ఇంటికొచ్చినవాళ్లకి పెడుతుంటే బాదం ఉందని ముందే చెప్పండి. ఫిల్లింగ్‌లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి చూసి కనిపెట్టలేరు, నట్స్ పడనివాళ్లు ఉండొచ్చు.

గాజు పాత్రలోనే చేయాలంటే అడ్డం ఎంతో, లోతు ఎంతో రాయండి. దానికి తగ్గట్టు కొలతలు, సమయం లెక్కేసి చెప్తాను.