ఫోన్ చేయడానికి జంకడం వాట్సాప్‌తో మొదలు కాలేదు

"గంటల తరబడి వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టేవారు ఒక్క ఫోన్ చేయమంటే ఎందుకు జంకుతారు?" అని కుర్రకారును ఉద్దేశించి చాలామంది అడుగుతుంటారు. ఆ జంకేవారిలో నేనూ ఒకడిని. నాకు నలభై అయిదు దాటాయి కనుక, ఈ నేరాన్ని కుర్రకారు మీద మోపడాన్ని ఒప్పుకోను. మా తరాన్ని ఈ భయం, డబ్బిచ్చి దూరపు ఊళ్లకు ఫోన్ చేసుకునే ఎస్టీడీ బూత్‌లోనే పట్టుకుంది.

1996లో నేను విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాడిని. కనిగిరి దగ్గర పల్లెలో ఉన్న మా ఇంటికి ఫోన్ లేదు. నా దగ్గర ఉన్నది పి.పి. నంబరు, అంటే నాలుగిళ్ల అవతల ఉండే మాస్టారి ఇంటి నంబరు. బాగా పొద్దుపోయాక చేస్తే ఛార్జీ పావు వంతుకు తగ్గేది కానీ, ఆ వేళప్పుడు మాస్టారి ఇంటిల్లిపాదినీ నిద్రలేపి మా అమ్మను పిలవమనడానికి నోరెలా వస్తుంది? అందుచేత ఒకనాటి సాయంత్రం, ఇరవై రూపాయల నోటు గుప్పిట్లో పెట్టుకుని బూత్‌కు వెళ్లాను. మాస్టారి భార్య "ఉండు బాబూ, పిలిపిస్తాను" అని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్లారు. నేను ఫోన్ పెట్టేసి అయిదు నిమిషాల తరువాత మళ్లీ చేయడమే తెలివైన పని, అయితే అరగంట తిప్పితే గాని కలవని లైను అది, వదులుకోబుద్ధి కాలేదు. అవతల కుక్కరు కూత, ఎవరో పిల్లవాడు వల్లిస్తున్న పదమూడో ఎక్కం వినబడుతున్నాయి, ఇవతల మీటరులో ఎర్రటి అంకెలు మారుతున్నాయి. అమ్మ వచ్చేసరికి పద్దెనిమిది రూపాయలు దాటింది.

"ఏమైంది నాన్నా, ఒంట్లో బాగుందా?" అంది రొప్పుతూ.

"ఏమీ లేదమ్మా, ఊరికే చేశాను."

"ఊరికే ఎవరైనా ఫోన్ చేస్తారట్రా!"

బిల్లు ఇరవై మూడు రూపాయలైంది. తక్కువపడిన మూడు రూపాయలూ సంక్రాంతి సెలవుల దాకా బూత్ యజమాని పుస్తకంలో నా పేరు మీదే ఉన్నాయి.

పని లేకుండా ఫోన్ చేయడం తప్పన్న సంగతి నాకు ఆనాడే ఒంటబట్టింది. ఆ తరువాత సెల్‌ఫోన్లు వచ్చినా, 2003 దాకా మనకు వచ్చిన కాల్‌ను ఎత్తినందుకు కూడా మనమే డబ్బు కట్టాం. మిస్డ్ కాల్ అనే విద్య అలాగే పుట్టింది. ఇప్పటి పిల్లలకు ఈ జంకు మా నుంచే అంటుకుందని నా గట్టి నమ్మకం. వేళగాని వేళ ఫోన్ మోగితే పెద్దవాళ్లు ఉలిక్కిపడడం చూస్తూ పెరిగిన పిల్లలు మెసేజ్‌నే ఎంచుకోక ఏం చేస్తారు? దానికి తోడు, మోగే కాల్స్‌లో చాలా మటుకు అప్పులు ఇస్తామనేవారివే. పోనీ మనమే చేద్దామంటే, 2020లో అవతల మనిషి గొంతుకంటే ముందు కరోనా ప్రకటన దగ్గు వినవలసి వచ్చింది.

2016లో జియో వచ్చి మాటకు డబ్బు అక్కర లేకుండా చేసినా, మా అమ్మ నాకు నేరుగా ఫోన్ చేయదు. వాట్సాప్‌లో నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పంపుతుంది. వంకాయల ధర, పక్కింటి గేదె ఈనిన సంగతి, తన మోకాళ్ల నొప్పి అన్నీ చెప్పి, చివర తొందరపడుతూ "ఉంటా నాన్నా, బిల్లు అయిపోతుంది" అంటుంది.