ఆస్తి – సలహా: అన్న ఒప్పుకోకపోతే ఉమ్మడి ఇల్లు అమ్మేదెట్లా?

ప్రశ్న: మాది కావలి. నాయన సొంత సంపాదనతో కొన్న 30 అంకణాల (240 గజాల) స్థలంలో ఇల్లు కట్టి, వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అన్న, నేను, చెల్లెలు వారసులం. అన్న అమ్మతో అక్కడే ఉంటూ తన డబ్బుతో మేడ వేసుకున్నాడు. మేమిద్దరం అమ్మేద్దామంటే ససేమిరా అంటున్నాడు. కట్నం ఇచ్చాం గనక చెల్లెలికి వాటా లేదంటున్నాడు. నా వాటా ఒక్కటే బయటివాళ్లకు అమ్మేయొచ్చా?

జవాబు: అమ్మొచ్చు గానీ, అమ్మకండి. పంచుకోని వాటా కొన్నవాడు మీ అన్నతో పాటు ఆ ఇంట్లో ఉంటానంటే చట్టం ఒప్పుకోదు. భాగం కోసం దావా వేసుకోవాల్సిందే. దావాతో సహా కొనేవాడు ధర ఎంతకు దించుతాడో ఊహించుకోండి. పైగా హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ కింద మీ వాటా ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకుంది.

ఇల్లు నాయన స్వార్జితం గనక నలుగురికీ తలా పావు వాటా. కట్నం ఇచ్చారని చెల్లెలి పావు ఎక్కడికీ పోదు. తనంతట తాను వదులుకోదలిస్తే రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు రాయాలి. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద పెట్టించుకున్న సంతకంతో హక్కు మారదు. ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉన్నా అంతే.

ఇలాంటి ఇళ్లలో అసలు పేచీ మేడ దగ్గరే. అన్న ఆనాడు పెట్టిన ఖర్చంతా అడుగుతాడు, తమ్ముడు పైసా ఇవ్వనంటాడు. ఇద్దరిదీ తప్పే. ఇవాళ ఆ కట్టడం ఎంత చేస్తుందో అదే లెక్క. లైసెన్సున్న ఇంజినీరు చేత కింది ఇంటికి, మేడకు విడివిడిగా విలువ కట్టించండి. స్థలానికి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసు విలువ కాదు, మీ వీధిలో ఈమధ్య జరిగిన బేరాలు చూడండి. మాటవరసకు అంకణం లక్షన్నర చొప్పున స్థలం 45 లక్షలు, కింది ఇల్లు 7 లక్షలు. మొత్తం 52 లక్షలు, తలా 13. మేడ 9 లక్షలైతే అది అన్నకే.

ఈ లెక్క తేలాక ముందు అన్నకే అవకాశం ఇవ్వండి. అమ్మ తన పావు ఉంచుకుంటే అతను మీ ఇద్దరికీ ఇవ్వాల్సింది 26 లక్షలు. మూడు నెలలో, ఆరు నెలలో గడువు కాగితం మీద పెట్టుకోండి. డీడీలు చేతికొచ్చిన రోజే విడుదల దస్తావేజు రాయండి, ఒక్కరోజు ముందు కూడా వద్దు. అమ్మ పావు పూర్తిగా ఆమెదే, ఎవరికైనా రాసివ్వొచ్చు. ఆ పావు ఎవరికిస్తుందో ఇప్పుడు అడిగితే బాగుండదని ఊరుకుంటే రేపు మళ్లీ అదే గొడవ. బతికున్నన్నాళ్లూ ఆమె ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా దస్తావేజులోకి ఎక్కించండి.

అప్పటికీ వినకపోతే కావలి కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీకి తెల్ల కాగితం మీద అర్జీ పెట్టండి. ఫీజు లేదు. రాజీ కుదిరితే వాళ్లు నడిపే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (రాజీ తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అన్న రానంటే మాత్రం వాళ్లు బలవంతపెట్టలేరు.

ఇక మిగిలింది భాగపరిష్కార దావా. 240 గజాలను నాలుగు ముక్కలు చేస్తే తలా 60 గజాలు, పైన కట్టిన ఇల్లు! మీకూ చెల్లెలికీ కలిపి సరిగ్గా సగం ఉంది గనక, 1893 పార్టిషన్ చట్టం కింద అమ్మి డబ్బు పంచమని అడగొచ్చు. అప్పుడు కోర్టు కట్టిన విలువకు మీ వాటాలు కొనుక్కుంటానని అన్న అడగొచ్చు. ఇవాళ మీరు ఇస్తానంటున్న బేరమే, ఏళ్ల తర్వాత, వకీళ్ల ఫీజులు పోనూ. ఈ మాట అన్నకు చెప్పి చూడండి.

ప్రశ్న: ఒంగోలులో మా ఉమ్మడి ఇంటికి బేరం కుదిరింది. అమెరికాలో ఉన్న అక్క రాలేనంటోంది. ఎలా?

జవాబు: ఈ ఇంటి అమ్మకం వరకే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ (ఆమె తరఫున సంతకం చేసే అధికార పత్రం) అక్కడి భారత కాన్సులేట్‌లో రాసి పంపమనండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి. గడువు దాటితే మళ్లీ మొదటికొస్తుంది. ఆమె వాటా డీడీ ఆమె పేరునే తీసుకోండి. ఇక్కడుండే మీకైతే మొత్తం ధర 50 లక్షలు, ఆపైన ఉంటేనే 1 శాతం టీడీఎస్ (కొనేవాడు ధరలోంచి పట్టి కట్టే పన్ను). ప్రవాసురాలైన ఆమె వాటా మీద అంతకంటే చాలా ఎక్కువ పట్టాలి, ధర ఎంత తక్కువైనా సరే. కొనేవాడు రిజిస్ట్రేషన్ రోజున ఈ సంగతి తెలిసి వెనకాడతాడు. తక్కువ టీడీఎస్‌కు ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ కోసం అగ్రిమెంటు కాగానే ఆమె చేత దరఖాస్తు చేయించండి.