17 క్లూల సుడోకు సంగతి తర్వాత, ముందు మీ చెకర్ చూసుకోండి

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది, కొన్నేళ్ల క్రితం నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నా కాబట్టి. "నిండు సుడోకు గ్రిడ్ తయారుచేసి ఒక్కో నంబర్ తీసేస్తూ పోతున్నా, 23 క్లూల (ముందే నింపి ఇచ్చే నంబర్ల) దగ్గర ఆగిపోతోంది, అతి తక్కువైన 17 ఎలా తేవాలి, వచ్చిన పజిల్‌కి ఒకటే ఆన్సర్ ఉందని ఎలా నమ్మాలి" అనే కదా మీరడిగింది. రెండోదానికే, అంటే ఆన్సర్ ఒకటేనా అని చూసే చెకర్ గురించే ముందు చెప్తా, అది తేడా కొడితే మొదటిదానికి పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

మా నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు, తెనాలిలో ఉంటారు. పేపర్లో వచ్చే సుడోకు పొద్దున కాఫీ తాగేలోపే అయిపోతోందని గొణుగుతుంటే నేను ఒక ప్రోగ్రామ్ రాసి 50 పజిల్స్ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించి సంక్రాంతికి పట్టుకెళ్లా. అన్నీ 24 క్లూలవి. నేను హైదరాబాద్ తిరిగొచ్చిన నాలుగో రోజు ఫోన్. "ఒరేయ్, 11వ నంబర్‌ది రెండు రకాలుగా టాలీ అవుతోందిరా, ఏది రాయమంటావ్?" నేను నమ్మలేదు, మీరే ఎక్కడో పొరపడి ఉంటారు అన్నా. ఆయన ఊరుకుంటారా, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. చివర నాలుగు గళ్లు మిగిలాయి, రెండు వరసల్లో 3, 8 ఎదురెదురుగా, ఇటు 3-8 రాసినా సరిపోతుంది, అటు 8-3 రాసినా సరిపోతుంది. 30 ఏళ్లు క్యాష్ టాలీ చేసిన మనిషితో వాదించకూడదని అప్పుడర్థమైంది.

నేను చేసిన తప్పేంటంటే, పజిల్‌ని సాల్వర్‌కి (ఖాళీలు నింపే ప్రోగ్రామ్‌కి) ఇచ్చి, అది ఇచ్చిన ఆన్సర్ నా అసలు గ్రిడ్‌తో కలిస్తే ఓకే అనుకున్నా. సాల్వర్ ఏమో ప్రతి గడిలో 1 నుంచి 9 దాకా వరసగా ట్రై చేసి మొదటి ఆన్సర్ దొరకగానే ఆగిపోతుంది. ఆ మొదటిది నా గ్రిడ్డే అయితే పాస్ అయిపోతుంది, దాని వెనక ఇంకో నాలుగు ఆన్సర్లు ఉన్నా నాకు తెలీదు. నిజానికి ప్రతిసారీ 24 దాకా ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతుంటే అప్పుడే అనుమానం రావాల్సింది, నాకేమో నా కోడ్ మీద గర్వం వచ్చింది. చెకర్ సరిచేసి మళ్లీ చూస్తే ఆ 50లో 31 పజిల్స్‌కి ఒకటి కన్నా ఎక్కువ ఆన్సర్లు.

కాబట్టి చెకర్ పని "ఆన్సర్ దొరికిందా" అని చూడటం కాదు, "రెండోది ఉందా" అని చూడటం. మొదటి ఆన్సర్ దొరికాక కౌంట్ ఒకటి పెంచి వెనక్కొచ్చి వెతుకుతూనే ఉండాలి, కౌంట్ 2 అవ్వగానే ఆపేయాలి. మొత్తం ఎన్ని ఉన్నాయో లెక్కపెడదాం అని కూర్చోకండి, పది పన్నెండు క్లూలు మాత్రమే ఉన్న గ్రిడ్ ఇస్తే తెల్లారినా తేలదు. తీసేసేటప్పుడు ఇంకా చవకైన పద్ధతి ఒకటుంది: ఒక గడిలో 7 ఉంది, తీసేద్దామనుకుంటున్నారు, అప్పుడు "ఈ గడిలో 7 తప్ప ఇంకేదైనా పెట్టి పజిల్ పూర్తవుతుందా" అని ఒక్క ప్రశ్న అడగండి. పూర్తయితే ఆ 7 తీయకూడదు. పూర్తవ్వకపోతే నిశ్చింతగా తీసేయొచ్చు, ఎందుకంటే అప్పటిదాకా ఆన్సర్ ఒకటే కాబట్టి రెండోది పుడితే ఆ గడిలోనే తేడా రావాలి.

సాల్వర్ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. అడ్డ వరసలకి 9, నిలువు వరసలకి 9, బాక్సులకి 9, మొత్తం 27 బిట్‌మాస్కులు (ఏ నంబర్లు వాడేశామో 0, 1లతో గుర్తుపెట్టుకునేవి) పెట్టుకుని, ప్రతిసారీ అన్నిటికన్నా తక్కువ ఆప్షన్లున్న గడినే ముందు నింపే బ్యాక్‌ట్రాకింగ్ (నింపుతూ పోయి, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకోటి ట్రై చేయడం) రాస్తే చాలు. నేను మొదట్లో ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి వరసగా నింపుకుంటూ పోయేలా రాశా, పైన ఖాళీ వరసలున్న పజిల్ పడితే టీ తాగొచ్చినా తిరుగుతూనే ఉండేది. ఇలాంటి సాల్వర్లని ఏడిపించడానికే కావాలని తయారుచేసిన 17 క్లూల పజిల్ కూడా ఒకటుంది, పై వరస మొత్తం ఖాళీ, ఆన్సర్‌లో ఆ వరస 987654321 అని వస్తుంది, అంటే 1 నుంచి మొదలుపెట్టేవాడికి అన్ని దారులూ మూసుకుపోయాకే అసలు దారి దొరుకుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ గారి డ్యాన్సింగ్ లింక్స్ అనే పద్ధతి కూడా రాసి చూశా, పజిల్‌ని 729 వరసలు, 324 కాలమ్‌ల పట్టికగా మార్చి చేస్తారు, అందంగా ఉంటుంది గానీ ఈ పనికి నాకు బిట్‌మాస్కే ఫాస్ట్‌గా నడిచింది.

ఇప్పుడు మీ 23 సంగతి. అది మీ కోడ్ తప్పు కాదు. 81 గళ్లని షఫుల్ చేసి ఒక్కోటి తీసి చెక్ చేసుకుంటూ పోతే చివరికి ఎక్కువగా 24, 25 దగ్గరే ఆగుతుంది, 22, 23 అప్పుడప్పుడు, 21 అయితే అరుదు. ఇంకోటి, చాలామంది ఒక రౌండ్ అయ్యాక మళ్లీ మొదట్నుంచి ట్రై చేస్తారు, దానివల్ల ఏం రాదు. ఎక్కువ క్లూలున్నప్పుడే తీయలేకపోయిన నంబర్‌ని తక్కువ క్లూలున్నప్పుడు ఎలా తీస్తారు? ఒక్క రౌండ్‌తోనే మినిమల్ అయిపోతుంది. మినిమల్ అంటే ఇక ఏ క్లూ తీసినా ఆన్సర్లు ఒకటి కన్నా ఎక్కువవుతాయని అర్థం, అంతేగానీ అతి తక్కువ క్లూలు అని కాదు. ఇవి రెండూ ఒకటే అనుకుని నేను కొన్ని వారాలు పోగొట్టుకున్నా. 40 క్లూలున్న మినిమల్ పజిల్స్ కూడా ఉన్నాయి, 40 ఉన్నా ఒక్కటి కూడా పీకలేం!

అసలు ఎందుకు తీయలేమో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది బాగా తిరిగే 17 క్లూల పజిల్, చుక్క అంటే ఖాళీ గడి:

. . . . . . . 1 .
4 . . . . . . . .
. 2 . . . . . . .
. . . . 5 . 4 . 7
. . 8 . . . 3 . .
. . 1 . 9 . . . .
3 . . 4 . . 2 . .
. 5 . 1 . . . . .
. . . 8 . 6 . . .

పైన మధ్య బాక్స్ మొత్తం ఖాళీ, చూశారా. దీని ఆన్సర్‌లో నాలుగో వరస 932651487, ఐదో వరస 568247391. ఈ రెండు వరసల్లో ఆరో గడి, తొమ్మిదో గడి చూడండి. పైన 1, 7. కింద 7, 1. పైకిందులుగా ఉన్న ఆ రెండు గళ్లూ ఒకే బాక్సులోవి, అటు చివరివి రెండూ ఇంకో బాక్సులోవి. 1నీ 7నీ అటుదిటు మార్చేసినా వరసకీ, నిలువుకీ, బాక్సుకీ దేనికీ తేడా రాదు. మరి ఎందుకు మార్చలేకపోతున్నాం అంటే నాలుగో వరస చివర ఆ 7 క్లూగా ఇచ్చారు కాబట్టి. అది తీసేసిన క్షణం పజిల్‌కి కనీసం రెండు ఆన్సర్లు. మా నాన్న పట్టుకున్న 3-8 కూడా అచ్చం ఇదే. ఇలాంటి గుంపు నాలుగు గళ్లది కావచ్చు, ఆరు కావచ్చు, పన్నెండు కావచ్చు, ప్రతి నిండు గ్రిడ్‌లోనూ ఇవి బోలెడుంటాయి, ప్రతిదాంట్లో కనీసం ఒక గడైనా క్లూగా ఇవ్వాల్సిందే. ఈ నాలుగూ ఖాళీగా వదిలేస్తే మిగతా 77 గళ్లూ నింపేసి ఇచ్చినా ఆన్సర్లు రెండే!

17 కన్నా తక్కువ కుదరదని తేల్చింది కూడా ఈ దారిలోనే. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజ్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ టీమ్ 2012 జనవరి 1న ప్రకటించింది. నిండు సుడోకు గ్రిడ్లు మొత్తం 6,670,903,752,021,072,936,960 అని 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ లెక్కేశారు, అందులో నంబర్లు మార్చినా వరసలు అటుదిటు చేసినా ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే 5,472,730,538 మిగుల్తాయి, అంటే దాదాపు 547 కోట్లు. ఈ 547 కోట్లలో ప్రతి గ్రిడ్ తీసుకుని, దాని గుంపులన్నిట్లో తలా ఒక గడి తగిలేలా 16 గళ్లు ఎంచుకోవడం కుదురుతుందా, కుదిరితే ఆ 16తో ఆన్సర్ ఒకటే వస్తుందా అని చూశారు. సూపర్‌కంప్యూటర్ మీద సుమారు 71 లక్షల కోర్ అవర్లు (ఒక ప్రాసెసర్ కోర్ గంటసేపు పనిచేస్తే ఒక కోర్ అవర్) పట్టింది. 16 క్లూలది ఒక్కటీ దొరకలేదు. సరిగ్గా రెండే ఆన్సర్లున్న 16 క్లూల గ్రిడ్ ఒకటి మాత్రం ఉంది, నోటిదాకా వచ్చి జారిపోయిన ముద్దలాగా.

అందుకే తీసుకుంటూ పోతే ఎప్పటికో 17 తగులుతుందిలే అని కూర్చోకండి. నేను ఆఫీస్ ల్యాప్‌టాప్ కాదు, ఇంట్లో పాత డెస్క్‌టాప్‌ని రాత్రంతా వదిలేశా, లక్షల్లో పజిల్స్ పుట్టాయి, పొద్దున లేచి చూస్తే అతి తక్కువ 20, అవీ రెండే. ఆ తర్వాత పద్ధతి మార్చా. చేతిలో ఉన్న మంచి పజిల్ నుంచి రెండు క్లూలు తీసేసి, ఒకే ఒక్క కొత్త క్లూ ఎక్కడ ఏ నంబర్ పెడితే మళ్లీ ఆన్సర్ ఒకటవుతుందో అన్నీ ట్రై చేయడం. కుదిరితే ఒక క్లూ తగ్గినట్టే. ముందు ఒకటి తీసి ఒకటి పెడుతూ అదే సైజులో చుట్టుపక్కల పజిల్స్ కొన్ని వేలు పోగేసుకుని, ఆ మందలో ఒక్కోదాని మీద రెండు తీసి ఒకటి పెట్టడం చేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. ఇలా 20 నుంచి 19లు చాలానే వచ్చాయి, రెండు వారాలకి ఒక 18 వచ్చింది, ఆ రోజు ఇంట్లో అందరికీ చూపించా, ఎవరికీ ఏం అర్థం కాలేదు. 17 మాత్రం నాకు సొంతంగా ఇప్పటికీ రాలేదు.

ఈ వెతుకులాటలో సాల్వర్‌ని పిలవకముందే చెత్త ఏరేయడానికి రెండు చెక్‌లు పెట్టుకోండి. క్లూల్లో కనీసం ఎనిమిది రకాల నంబర్లుండాలి, రెండు నంబర్లు అసలు కనపడకపోతే ఆ రెండింటినీ మార్చుకోవచ్చు కాబట్టి. ఒకే బాక్సుల పట్టీలో (పక్కపక్కనున్న మూడు బాక్సులు కలిస్తే ఒక పట్టీ) ఉన్న మూడు వరసల్లో రెండు పూర్తిగా ఖాళీగా ఉండకూడదు, నిలువుకీ అంతే. ఇవి చూడటానికి చిన్నవే గానీ కోట్లసార్లు తిరిగే లూప్‌లో బాగా కలిసొస్తాయి.

మీకు వెతకడం సరదా కాదు, 17 క్లూల పజిల్స్ చేతికొస్తే చాలనుకుంటే, వెస్టర్న్ ఆస్ట్రేలియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ రాయల్ పోగుచేసిన లిస్ట్ ఉంది, 49 వేల పైచిలుకు. అందులో ఒకటి తీసుకుని నంబర్లు మార్చి, వరసలు పట్టీల్లోపల కలిపి, పట్టీలు కలిపి, నిలువుని అడ్డం చేస్తే 1.2 లక్షల కోట్ల రూపాలు వస్తాయి, ఎవరూ గుర్తుపట్టలేరు. ఆ లిస్ట్ మొత్తాన్ని మీ చెకర్‌కి టెస్ట్‌గా కూడా వాడండి: ప్రతిదానికీ కౌంట్ 1 రావాలి, ఏ ఒక్క క్లూ తీసినా 2 రావాలి, అందులో ఒక్కటి తేడా వచ్చినా బగ్ మీదే. నేను ఇది ముందే చేసుంటే ఆ స్పైరల్ బైండింగ్ డబ్బులన్నా మిగిలేవి.

క్లూలు తక్కువైతే కష్టం ఎక్కువ అనుకుంటున్నారేమో, అదేం లేదు. 17 క్లూలవాటిలో పెద్ద ట్రిక్కులేం లేకుండా తేలిగ్గా అయిపోయేవి కూడా చాలానే ఉన్నాయి. పోయిన దసరాకి నాన్నకి కొత్త పుస్తకం ఇచ్చా, అందులో ఆ లిస్ట్ నుంచి మార్చినవి పది, నా 18 ఒకటి కలిపి. 17లవి కొన్ని వరండాలో కూర్చుని చకచకా నింపేశారు, నా 18 మాత్రం రెండు రోజులు నలిగింది, రబ్బరుతో చెరిపి చెరిపి ఆ పేజీ చిరిగిపోయింది. "ఇది నువ్వు చేసిందా?" అన్నారు. అవునన్నా. "రెండో ఆన్సర్ ఏమైనా ఉందేమోనని చూశా, లేదులే" అని పుస్తకం మూసేశారు.